గిట్ట దిగిన చోట

పల్లాన్ని చూడ్డానికి కమిటీ వాళ్ల జీపులు గంటలో వచ్చేస్తాయని ఇందాకే గైడు సార్ ఫోను చేశారు. శుభ్రంగా తయారై కంచె దగ్గర నిలబడమన్నారు. అలాగే సార్ అంది ఆమె, ఫోను జేబులో పడేసింది, నిన్నటి బురద ఎండి అట్టకట్టిన ప్యాంటుతోనే వచ్చి కంచె మూలన బకెట్టు బోర్లించుకుని దాని మీద చతికిలబడింది. నిలబడమంటే కూర్చోవడం, ఇప్పటివరకూ ఆమె చేసిన తిరుగుబాటు అంతే, అందుకు ఎవరూ దండలు తెచ్చి వెయ్యరు. తెల్లారగట్ల కురిసిన వాన ఆగిపోయి ఎండ చురుక్కుమంటోంది, పల్లమంతా ఆవిర్లు లేస్తున్నాయి. కంచె లోపల నడుమెత్తు గడ్డి, పచ్చగా, నున్నగా, ఫొటోకి ముస్తాబై కూర్చున్నట్టుంది. కంచె బయట గేదెలు తొక్కి తొక్కి పెట్టిన బురద, అడుగడుక్కీ ఒక గిట్ట గుంట, గుంట నిండా వాననీళ్లు, పక్కనే పేడ, పేడ మీద ఈగలు. వచ్చేవాళ్లు ఏది చూసి ముక్కు మూసుకుంటారో ఏది చూసి ఆహా అంటారో ఆమెకి ఇప్పుడే కనిపిస్తోంది. వాళ్లు ఆహా అన్నాక ఆమె ఒక్క మాట చెప్పాలి. పశువుల వల్లే కప్పలు పోతున్నాయి, పశువుల్ని ఆపితే కప్పలు నిలుస్తాయి. అది చెబితే పల్లమంతటికీ కంచె పడుతుంది, ఆమెకి డాక్టరేటు పట్టా వస్తుంది. చెప్పకపోతే ఏమవుతుందో సార్ చెప్పలేదు, నవ్వి ఊరుకున్నారు. అదేమన్నా నిజమైతే ఇంత ఆలోచన ఎందుకు, ఠక్కున చెప్పేసి పోయి తిని పడుకునేది. అబద్ధం కాబట్టే కూర్చుంది.

ఒళ్ళో ఆమె అద్దెకుంటున్న ఇంటావిడ ఇత్తడి గరిటె ఉంది. ఇక్కడి కప్ప పేరు శాస్త్రంలో బారెడు ఉంటుంది గానీ మనిషి చూస్తే బొటనవేలి గోరంత, అరిచిందంటే రెండు ఎండు గింజలు ఒకదానికొకటి గీసినట్టుంటుంది, తెలిసినంతవరకూ ఈ పల్లం దాటి ఎక్కడా లేదు. దాని పిల్లల్ని, ఆ తోకకప్పల్ని, లెక్కపెట్టడానికి సార్ సంస్థ ఇచ్చిన వల గిట్ట గుంటలో దూరలేదు, చెంచా పెడితే ఒక్కటీ చిక్కలేదు, వంటింట్లో మేకుకి వేలాడుతున్న ఈ గరిటె మాత్రం గిట్ట కొలత తీసి చేయించినట్టు పట్టింది. అడక్కుండానే పట్టుకెళ్లింది. సాయంత్రం ఇంటావిడ తన గరిటెలో నల్లగా కదులుతున్నవాటిని వంగి చూసి, ఇక ఇది నీదేనమ్మాయ్, మళ్లీ నా వంటింటి గడప తొక్కిందా దాంతోపాటు నువ్వూ బయటికే అంది. అప్పట్నుంచి ఊళ్లో ఆమె పేరు గరిటె మేడం. పాలకేంద్రం దగ్గర ముసలాళ్లు, ఏం మేడం ఇవాళ పులుసులోకి ఎన్ని దొరికాయి అని అడుగుతారు, మీ అందరికీ వడ్డించడానికి సరిపోవండీ అని ఆమె జవాబు చెబుతుంది, ఈ ఒక్క హాస్యంతోనే ఇన్ని వానకాలాలు గడిచిపోయాయి, ఎవరికీ విసుగు రాలేదు. ఆమె ఉండే గది ఒకప్పుడు గడ్డి దాచుకున్న కొట్టు. మంచం కింద బూట్లు, సీసాలు, తల మీద పెట్టుకునే దీపం, రేకుల మీద వాన పడితే లోపల తన ఆలోచన తనకే వినిపించదు. వినిపించకపోతేనే సుఖం. వాన మొదలైందంటే లేచి రావడమే తప్ప ఆలోచించేదేముంది.

ఆలోచన అలవాటైంది తరగతిలో. అక్కడ సార్ ప్రతి ఏడూ తెర మీద ఒకే ఫొటో చూపిస్తారు, గేదె గిట్ట కింద నలిగిన కప్ప, పొట్ట పగిలి, ఒక చెయ్యి మాత్రం ముందుకి చాచి. తరగతి మొత్తం ఒక్కసారి ఊపిరి బిగబడుతుంది, ఆమె కూడా బిగబట్టింది, ఆ చేతికోసమే ఈ పని ఎంచుకుంది, అందులో సిగ్గేం లేదు. ఆ ఫొటో మీదే సార్ పేరు నిలబడింది, పుస్తకాలూ సన్మానాలూ, చివరికి ఈ కమిటీ కూడా. కాబట్టి ఈ ఊరు రాగానే ఆమె చేసిన మొదటి పని కంచె. పల్లంలో ఒక ముక్క చుట్టూ ముళ్లతీగ కట్టించి ఇటు గేదె కాలు పెట్టకూడదంది. ఇంటావిడ ఆ వారం ఆమెతో మాట్లాడలేదు, కంచంలో అన్నం పెట్టి గోడకి చెప్పినట్టు తినమనేది. ఆవిడదే సగం కొమ్ము విరిగిన పెద్ద గేదె, మందకంతటికీ అదే పెత్తనం, రోజూ వచ్చి తీగకి మెడ ఆనించి నిలబడేది, తనది తనకెవరో లేకుండా చేసినట్టు చూసేది, ఆమె కర్ర పట్టుకుని అదిలించేది. హోయ్ హోయ్ అని అరిచి అరిచి గొంతు పోయింది, దున్నపోతు మీద వాన కురిసినట్టే, కానీ చివరికి ముల్లు గుచ్చుకుని గుచ్చుకుని ఆ గేదే దారి మార్చుకుంది. ఆమె గెలిచింది. గెలిచి, లోపల గడ్డి లేవడం చూస్తూ, ఇక కప్పలు వస్తాయి, ఇక వస్తాయి అని గరిటె పట్టుకుని కాచుకుంది.

రాలేదు. మొదటి వానకి లోపలా బయటా సమానంగానే ఉన్నాయి, తర్వాతి వానకి లోపల సగమయ్యాయి, ఆ తర్వాత గరిటె ముంచితే గడ్డివేళ్లూ దోమపిల్లలూ. బయట, ఆ పేడ మధ్య, ఆ ఈగల మధ్య, ఒక్కో గిట్ట గుంటలో గరిటె నిండా తోకకప్పలు, ఒకదాని మీద ఒకటి పొర్లాడుతూ. మొదట తన లెక్క తప్పనుకుంది, మళ్లీ లెక్కపెట్టింది, వేరే మూలకి పోయి లెక్కపెట్టింది, జ్వరంతో లెక్కపెట్టింది. ఏటి మడుగులో గుడ్లు పెడితే చేపలు తినేస్తాయి, పెద్ద గుంటల్లో నీటిపురుగులు తినేస్తాయి, ఆ గోరంత కప్పకి కావాల్సిన నీళ్లు గిట్టెడే, చేప దూరనంత చిన్నవి, పిల్లకి కాళ్లొచ్చేదాకా ఇంకనంత లోతైనవి. అలాంటి గుంట వానకి పడదు, మనిషి తవ్వితే పూడిపోతుంది, అంత బరువు మనిషి దగ్గర ఎక్కడుంది, గేదె దిగాల్సిందే. దిగినప్పుడు ఒకటో రెండో నలుగుతాయి, నిజమే, సార్ ఫొటో నిజమే, కెమెరా అబద్ధమాడలేదు, కాకపోతే ఆ గిట్ట పైకి లేచాక ఏమైందో చూడ్డానికి సార్ అక్కడ ఆగలేదు. కంచె కట్టగానే గుంటలు పూడి గడ్డి ఎక్కింది. కంచే చేను మేసిందంటారే, ఆ మాట ఇన్నాళ్లూ మోసగాళ్ల గురించి వింది, తన చేత్తో కట్టిన తీగ గురించి వినాల్సి వస్తుందనుకోలేదు. ఇంటావిడకి చెబితే ఆవిడ నమ్మలేదు. కప్పలు వానతోపాటు పైనుంచి పడతాయమ్మాయ్, నా గేదెలకేం సంబంధం, వాటి మీద పెట్టకు అంది. ఆవిడకీ తెలియదు, సార్‌కీ తెలియదు, గేదెకి అసలే తెలియదు, తెలిసిన ఒక్కతీ ఇక్కడ బకెట్టు మీద కూర్చుని చెమటలు కక్కుతోంది.

సార్‌కి తెలియదని అనడం కూడా ఎందుకు, తెలియజేసిందిగా. సార్ గది గుర్తొస్తోంది, చల్లటి గది, కిటికీ తెర ఎప్పుడూ సగం వేసి ఉంటుంది, బల్ల మీద గాజుకప్ప ఒకటి, ఎవరో బహుమతిగా ఇచ్చింది. ఆమె గీసిన లెక్కల బొమ్మలో రెండు గీతలు, కంచె లోపలిది కిందికి, బయటిది పైకి. సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని ఆ గీతల్ని చూశారు, చాలాసేపు చూశారు, అంతసేపు చూసిన మనిషి అర్థం కాలేదని అనలేడు. అన్నది మాత్రం మెత్తగా అన్నారు, సొంత కూతురికి చెప్పినట్టు. "ఈ రెండో గీత గందరగోళంగా ఉందమ్మా. కాస్త సరిచెయ్యి." ఎలా సరిచెయ్యాలో అడిగింది. కొన్ని వానల్ని వదిలేస్తే సరిపోతుందన్నారు, అన్ని వానలూ ఒకలాంటివి కావుగదా అన్నారు, కమిటీ ముందు ఒక్క వాక్యం చెబితే మిగతాదంతా తను చూసుకుంటానన్నారు, ఈ చోటికి రక్షణ దొరకడం ముఖ్యమా నీ గీతలు ముఖ్యమా అని కూడా అన్నారు. అక్కడే ఆమె చిక్కుకుంది. మంచికోసమే అంటే మనిషి సగం ఓడిపోయినట్టే. ఎవరికి మంచి, గుంట పూడిపోతే చచ్చిపోయే కప్పకా, మేపడానికి చోటు లేక గేదెల్ని అమ్ముకోవాల్సిన ఇంటావిడకా, బల్ల మీది గాజుకప్పకా? ఈ మాటలు మెట్లు దిగాక నోటికొచ్చాయి, బస్సులో వచ్చాయి, ఊరొచ్చేదాకా వస్తూనే ఉన్నాయి, పక్క సీటు ఆయన భయపడి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

సరిచెయ్యి అన్న మాట ఆమె చిన్నప్పుడే ఒకసారి వింది. నాన్నది త్రాసుల మరమ్మతు కొట్టు, ఇరుకు, గోడ నిండా పళ్లేలూ గొలుసులూ, మధ్యలో స్టూలు మీద నాన్న, ముల్లు నిలిచేదాకా ఊపిరి తియ్యకుండా. బడి నుంచి వచ్చి ఆ కొట్లోనే కింద కూర్చుని లెక్కలు చేసుకునేది, తల ఎత్తితే అన్నీ ఊగుతూ ఉండేవి. ఒకరోజు బజార్లోకెల్లా పెద్ద షావుకారు తన త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టి కాస్త సరిచెయ్యవయ్యా అన్నాడు. నాన్న రాళ్లు వేసి చూశాడు, ముల్లు నిక్కచ్చిగా నిలబడింది, బాగానే ఉందిగా అన్నాడు. బాగుంది కాబట్టే తెచ్చానని షావుకారు నవ్వాడు. నాన్న నవ్వలేదు. "బాగున్న త్రాసుకి నా దగ్గర మరమ్మతు లేదండీ" అని దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. కథల్లో అయితే ఆ షావుకారు సిగ్గుపడాలి. ఇక్కడ షావుకారు పక్కవీధిలో చేయించుకున్నాడు, ఆయన వెనకే సగం బజారూ పక్కవీధికి పోయింది, అమ్మ ఆ నెలంతా గిన్నెలు చప్పుడు చేస్తూ కడిగింది, నాన్న తలొంచుకుని తిన్నాడు, ఒక్కసారి కూడా నేను చేసింది రైటే అనలేదు. అందుకే అది ఆమెకి నీతికథలా గుర్తులేదు, గిన్నెల చప్పుడుతో సహా గుర్తుంది. కప్పల మీద చదువుతానంటే అమ్మ, అడుసు తొక్కనేల కాలు కడగనేల, ఇంత చదివి బురదలో పడతావా అని నెత్తి కొట్టుకుంది. నాన్న మాత్రం, నేను తక్కెడలు, అది కప్పలు, మా ఇద్దరి పనీ కలిపితే సామెతేగా అని ఒక్కటే నవ్వు. కప్పల తక్కెడే. ఒకటి వేస్తే ఒకటి దూకుతుంది, ఆమె బతుకంతా అదే, కానీ ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూసింది, చూసినదాన్ని చూడలేదని అనమంటే ఎలా?

భయం లేదని ఎవరన్నారు, ఉంది. పట్టా రాకపోతే ఇంకెవరూ చేర్చుకోరు, సార్ ఒక్క ఫోను చేస్తే చాలు, మొండిది, చెప్పిన మాట వినదు, అంతే, చాలా నెమ్మదిగా బాధపడుతున్నట్టు చెబుతారు. తర్వాత ఏ బడిలోనో పిల్లలకి తోకకప్ప బొమ్మ వేయించి తోకకి రంగు దిద్దించాలి. ఆ వాక్యం చిన్నదే, ఊపిరి ఒక్కసారి పీలిస్తే అయిపోతుంది. నోట్లో అనుకుని చూసింది, పశువుల వల్లే, అంతవరకూ వచ్చింది, ఎదురుగా గిట్ట గుంటలో ఏదో బుడుంగుమంది, మిగతాది మింగేసింది. పొద్దున సార్ ఇంకోటి కూడా చెప్పారు, ఇవాళ్టికి గేదెల్ని పల్లంలోకి తోలొద్దని ఊళ్లో చెప్పమన్నారు, అతిథులు కదా. ఆమె ఆ మాట ఉన్నదున్నట్టు ఇంటావిడకి చేరవేసింది. ఇంటావిడ వసారాలో బోర్డు ముందు గొంతుక్కూర్చుని ఉంది. పశువులకు ప్రవేశం లేదని రాయించి సార్ ముందే పంపించిన రేకు బోర్డు అది, రోజులుగా వసారాలోనే ఉంది, ఆవిడ దాని మీద పండు మిరపకాయలు పోసింది, ఈ వానకాలంలో అవి ఎప్పటికెండేను, ఎండ వస్తే బయటికి, చినుకు పడితే లోపలికి, బోర్డుతో సహా. ఇదేం పని పిన్నీ అంటే, ప్రవేశం లేనిది పశువులకే కదా, మిరపకాయలకి లేదని రాయలేదుగా అంది. ఇవాళ మాత్రం ఎకసెక్కమాడలేదు. మిరపకాయలు తిరగేస్తూ తల ఎత్తకుండా అడిగింది. "గేదెల్ని కట్టెయ్యమంటే కట్టేస్తా. ఇంతకీ నువ్వేం చెబుతావమ్మాయ్?" గరిటె తీసుకుని ఇటు వచ్చేసింది. సిగ్గేసింది. ఇప్పుడు ఆ సిగ్గు మీదే కోపమొస్తోంది, సార్ మీద వచ్చినదానికన్నా ఎక్కువగా.

అయినా ఎవరిని చూసి సిగ్గుపడాలి, ఏం చేసిందని? వానలో తడిసింది, జలగల చేత కరిపించుకుంది, ఒక్కో గుంట ముందూ మోకాళ్ల మీద కూర్చుంది, నల్లటి చుక్కల్ని చుక్కచుక్కా లెక్కపెట్టింది, ఆ లెక్క ఎవరి మెప్పుకోసమూ పెంచలేదు తగ్గించలేదు. ముల్లు నిలిచింది. నిలిచిన ముల్లుని వేలితో నొక్కమంటున్నారు, పైగా చెల్లెమ్మా తల్లీ అంటూ నొక్కమంటున్నారు. నొక్కదు. అనుకోగానే ఒళ్లు తేలికైంది, అంతసేపూ బకెట్టు అంచు తొడలో దిగబడి ఉందని అప్పుడు తెలిసింది. లేచింది. ఈ పల్లంలో ఫోను అందేది కంచె మూల స్తంభం ఎక్కితేనే, ఎక్కింది, ఒక చేత్తో స్తంభం, ఒక చేత్తో ఫోను, గరిటె చంకలో. అవతల ఇంటావిడ గొంతు, దాని వెనక గేదెల అరుపు, కట్టేసినందుకు గోల చేస్తున్నాయి.

"పిన్నీ, గేదెల్ని విప్పు."

"మీ సార్ వద్దన్నాడంటివిగా."

"నేను రమ్మంటున్నా. అన్నిట్నీ తోలుకురా."

అవతల తాడు లాగిన చప్పుడు, పలుపు తీస్తే గేదె మెడ విదిలించిన చప్పుడు, ఫోను పెట్టెయ్యడం ఆవిడకి ఎప్పుడూ గుర్తుండదు.

జీపులూ గేదెలూ ఒకేసారి వచ్చాయి, రెండూ అటూ ఇటూ నుంచి, ఎవరికి ఎవరు దారి ఇవ్వాలో తేలక కొంత అల్లరైంది, చివరికి జీపులే ఆగాయి. సార్ తెల్లచొక్కాలో దిగి ముందు గేదెల్ని చూశారు, తర్వాత ఆమె ప్యాంటు చూశారు, కమిటీ పెద్దావిడని గొడుగు కిందికి తీసుకుని కంచె దాకా నడిపించారు. ఆహా అన్నారు అందరూ, అనుకున్నట్టే. చెప్పమ్మా అన్నారు సార్. ఆమె పెద్దావిడ చేతిలో గరిటె పెట్టి ముందు తీగల సందులోంచి కంచె లోపల ముంచమంది. పెద్దావిడకి ఇదేదో కొత్తగా ఉంది, వంగి ముంచింది, గడ్డివేళ్లు వచ్చాయి, ఒక పురుగు. ఇప్పుడు బయట, ఆ గుంటలో అంది. పెద్దావిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పేడ తప్పించుకుంటూ వెళ్లి ముంచింది, పైకి తీసింది, గరిటె నల్లగా కదిలింది. ఇవేనా అంది ఆవిడ చాలా చిన్న గొంతుతో. ఇవే అంది ఆమె. ఇంకా చెప్పింది, గేదె గిట్ట, గుంట, చేపలు, కంచె కట్టినందుకు లోపల ఏమైందో అన్నీ. సార్ దగ్గరికొచ్చి ఎవరికీ వినపడకుండా అడిగారు. "నీ పట్టా సంగతి ఆలోచించుకున్నావా?"

"బాగున్న త్రాసుకి మరమ్మతు లేదండీ" అంది ఆమె. సార్‌కి అర్థం కాలేదు, కానక్కర్లేదు కూడా, అది ఆయనకి చెప్పింది కాదు. పోయి కంచె తలుపు కొక్కెం తియ్యబోయింది. తుప్పు పట్టి కదల్లేదు, గరిటె వెనక్కి తీసుకుని కాడతో కొట్టింది, కాడ వంగింది, కొక్కెం ఊడింది. అది నీ ప్రయోగమమ్మా, ఇన్నాళ్ల పని అన్నారు సార్, ఈసారి నిజంగానే కంగారుగా. దానికి జవాబు వచ్చేసింది సార్, ఇక దీనితో పని లేదు, ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నా అని తలుపు బార్లా తెరిచి పెద్దావిడ వైపు తిరిగింది. వచ్చే వానకి మళ్లీ రమ్మంది. ఇవాళ గేదెలు తొక్కిన చోట, ఇదే కంచె లోపల, కప్పలు లేకపోతే ఆ బోర్డు నా చేతులతో నేనే పాతుతాను అంది. అందరి ముందూ అనేసింది, ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు, ఇన్ని వానల చదువునీ ఒక్క వాన మీద ఒడ్డింది.

సగం కొమ్ము గేదె తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. తీగ ఉండాల్సిన చోట తీగ లేదు, నమ్మలేదు. ఇంటావిడ నాలుకతో చప్పుడు చేసింది, వెనక నుంచి చరిచింది, ఊహూ. ఇన్నాళ్లూ కర్రతో అదిలించిన మనిషి పక్కనే నిలబడి ఉంటే అది మాత్రం ఎలా వస్తుంది? ఆమె బూట్లు విప్పి అవతల పడేసింది, తనే ముందు గడ్డిలోకి దిగి, ఇటు తిరిగి, రా అంది, హోయ్ కాదు, రా. గేదె చెవులాడించింది, ఆమెని చూసింది, గడ్డిని చూసింది, ఆమెకన్నా గడ్డే నచ్చినట్టుంది. ఒక కాలు లోపలికి పెట్టింది. మెత్తటి నేలలో గిట్ట కస్సున దిగి, ఇంకో అడుగు వేస్తూ అది కాలు పైకి లాగేసరికి గుంట పడింది, గుంటలోకి పక్కల నుంచి నీళ్లు ఊరడం మొదలుపెట్టాయి. పెద్దావిడ గొడుగు ముడిచి వంగి చూస్తోంది. సార్ చూడలేదు. అలిసిపోయిన గొంతుతో, బోర్డు పంపాను కదమ్మా, అది ఎక్కడుంది అని అడిగారు.

ఆమె ఇంటావిడ వైపు చూసింది. ఇంటావిడ వంగిపోయిన తన గరిటె వైపు చూస్తోంది.

"దాని మీద మిరపకాయలున్నాయి సార్" అంది ఆమె. "ఇంకా ఎండలేదు."